పది లక్షల అంకెలు – ఒక పీఠిక

అమెరికాలోని ర్యాండ్ సంస్థ 1955లో ప్రచురించిన ‘ఎ మిలియన్ ర్యాండమ్ డిజిట్స్ విత్ 100,000 నార్మల్ డీవియేట్స్’ గ్రంథంలోని ప్రధాన పట్టిక 400 పుటల నిండా అంకెలే. మాంటీ కార్లో గణనలకు యాదృచ్ఛిక సంఖ్యలను అందించడం దాని ప్రయోజనం. అంకెల్లో క్రమం లేకపోవడమే ఇక్కడ గుణం. కనుక విమర్శకు అందే భాగం పీఠిక ఒక్కటే.

ఎలక్ట్రానిక్ రూలెట్ చక్రం వంటి యంత్రంతో ఈ అంకెలను పుట్టించారు. అది నెలపాటు పనిచేశాక జరిపిన పరీక్షల్లో సరి, బేసి అంకెల సమతూకం చెడినట్లు తేలింది. పీఠిక ఈ దోషాన్ని దాచలేదు. అంకెలను జతలుగా కూడి, మొత్తంలో ఒకట్ల స్థానాన్ని మాత్రమే ఉంచి, కొత్త పట్టిక తయారుచేసిన తీరును వివరించింది. ఒక అంకెను చూసి అది యాదృచ్ఛికమో కాదో చెప్పలేం. పుట్టిన విధానం తెలిసినప్పుడే దానిపై నమ్మకం కుదురుతుంది. పీఠిక విలువ ఇదే.

పట్టికను ఎక్కడ మొదలుపెట్టాలన్నది మరో సమస్య. చూడకుండా ఒక పుట తెరిచి, ఐదంకెల సంఖ్యను ఎంచుకొని, దాని ఆధారంగా వరుసను నిర్ణయించుకోవాలని పీఠిక సూచిస్తుంది. పుస్తకం తరచూ ఒకే పుట దగ్గర తెరుచుకుంటుందనీ, మనిషి పుట మధ్యభాగాన్నే ఎంచుకుంటాడనీ గుర్తించి, ఒకసారి వాడిన సంఖ్యకు గుర్తు పెట్టమంటుంది. యంత్రం మొగ్గును పరీక్షలు పట్టుకున్నాయి. చదువరి చేతి మొగ్గుకు మాత్రం అతని నిజాయితీయే పరీక్ష. గ్రంథం బలమూ పరిమితీ అక్కడే ఉన్నాయి.