మన్ను తినని పాము

కదలక మెదలక కూర్చున్న మనిషిని మన్ను తిన్న పాములా ఉన్నాడంటాం. ఆ మాటకు తగ్గ పామును చూడాలంటే ఉద్దానం తోటల్లోకి రావాలి. పలాస నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు సాగే ఇసుక నేలల్లో, జీడి చెట్ల కింద రాలిన ఆకుల అడుగున పగలంతా కూరుకుపోయి ఉండే శాండ్ బోవా అది. మన్నులోనే బతుకుతుంది గానీ మన్ను తినదు. దాని తిండి ఎలుకలు. మనం బద్ధకమని పేరు పెట్టిన ఆ నిశ్చలతే దాని వేట.

ఈ పాము ఒంటిని ఒక్కసారి శ్రద్ధగా చూస్తే ప్రకృతి పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ముక్కు కొస నాగలి కర్రులా ఏటవాలుగా ఉండి ఇసుకను చీల్చుకుంటూ పోతుంది. కింది దవడ పై దవడ కన్నా లోపలికి ఒదిగి ఉంటుంది కాబట్టి ఎంత తవ్వినా నోట్లోకి ఇసుక పోదు. ముక్కు రంధ్రాలు సన్నని చీలికలు. కళ్లు చిన్నవి, కాస్త పైకి తిరిగి ఉంటాయి. ఒళ్లంతా పూడ్చుకుని కళ్లూ ముక్కూ మాత్రం బయట పెట్టడానికి అంతకన్నా మంచి అమరిక ఉండదు. మెడ అంటూ విడిగా కనిపించదు. తల ఒంట్లో కలిసిపోతుంది, తోక మొండిగా ఆగిపోతుంది. గరుకు పొలుసుల బోవా అనే రకంలో తోక దగ్గరి పొలుసులు మరీ గరుకు. మలద్వారం పక్కన గోళ్లలాంటి రెండు ముళ్లుంటాయి. ఒకప్పుడు దీని పూర్వీకులకు కాళ్లుండేవనడానికి మిగిలిన ఆనవాళ్లవి.

వేట సంగతి ఇంకా బాగుంటుంది. చీకటి పడ్డాక ఇసుకలో దాక్కుని ఎదురుచూస్తుంది. ఎలుక అడుగుల అదురు నేలలోంచి దవడ ఎముకకు తాకుతుంది. దగ్గరికొచ్చిన క్షణంలో పళ్లతో పట్టుకుని చుట్టు వేస్తుంది. చుట్టు బిగిస్తే ఊపిరాడక చస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2015లో బోవాల మీద జరిగిన ప్రయోగంలో, చుట్టు బిగిసిన కొద్ది సెకన్లలోనే ఎలుక రక్తప్రసరణ కుప్పకూలుతుందని తేలింది. ఆ తర్వాత తల వైపు నుంచి మింగడం. విషం లేదు. తిన్నాక చాలా రోజులు తిండి ఊసెత్తదు. ఒంట్లో శక్తిని వృథాగా ఖర్చు చేయని జీవికి తరచూ తినాల్సిన పని లేదు.

ఇసుకను తవ్వే ముక్కు శాండ్ బోవా ఒక్కదానికే కాదు. అమెరికాలో చాలామంది ఇళ్లలో పెంచుకునే హాగ్‌నోజ్ పాముకు దీనితో దగ్గరి చుట్టరికం లేదు. కానీ మట్టిలో తవ్వే బతుకు దానికీ ముక్కును మలిచింది, పైకి తిరిగిన ముక్కుగా. దానికి ఇష్టమైన తిండి గోదురుకప్పలు. అందుకే కొత్తగా పెంచేవాళ్లు ఎలుకపిల్లకు కప్ప వాసన పట్టించి మరీ అలవాటు చేస్తుంటారు. భయపెడితే మెడ వెడల్పు చేసి బుసకొడుతుంది, నోరు మూసుకునే పొడుస్తుంది. అదీ పని చేయకపోతే నాలుక వేలాడేసి వెల్లకిలా పడి చచ్చినట్టు నటిస్తుంది. బోర్లా తిప్పితే మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది! మన గరుకు పొలుసుల బోవాకు అంత నాటకం లేదు. మరీ విసిగిస్తే పక్కకు విసురుగా కరుస్తుంది, అంతే. దాని దాయాది ఎర్ర శాండ్ బోవా మరీ సాధువు. చుట్టల కింద తల దాచుకుని మొండి తోకను ఎత్తి చూపిస్తుంది. శత్రువు తలనుకుని తోకను కొడితే ప్రాణం దక్కుతుంది. ఊళ్లలో రెండు తలల పాము అనేది దీన్నే. ఆ పోలిక ఇంకా కొట్టొచ్చినట్టు ఉండాలని పాములవాళ్లు కొందరు తోకకు గాట్లు పెట్టడం నాకు మనసు కలిచివేసే విషయం. ఇంట్లో ఉంటే అదృష్టమని నమ్మించి, బరువును బట్టి వెల కట్టి అమ్మే ముఠాలూ ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం.

ఈ తీరపు పాములను ఓపిగ్గా చదివిన తొలి వ్యక్తుల్లో పాట్రిక్ రస్సెల్ ఒకడు. స్కాట్లండ్ వైద్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో కోరమాండల్ తీరపు పాములు రంగు బొమ్మలతో ఉన్నాయి. గరుకు పొలుసుల బోవా కూడా వాటిలో ఉంది. ఆయన పద్ధతి నాకెంతో నచ్చుతుంది. పొట్ట కింది పొలుసులూ తోక కింది పొలుసులూ లెక్కపెట్టడం, నోరు తెరిచి పళ్లు చూడడం, విషం ఉందో లేదో పరీక్షించడం, ఇక్కడివాళ్లు పిలిచే పేరునే రాసుకోవడం. మన రక్తపింజరిని ఆయన కాటుక రేకుల పొడగానే నమోదు చేశాడు. 1801లో ఎర్ర బోవాను వర్ణించినప్పుడు దానికి తరంగంబాడి మతప్రచారకుడైన సి.ఎస్. జాన్ పేరును పెట్టాడు. ఏది విషపుదో ఏది కాదో తెలిస్తే మనుషుల ప్రాణాలు దక్కుతాయన్నది రస్సెల్ ఆరాటం.

ఆ ఆరాటం ఉద్దానంలో ఇప్పటికీ అవసరం. ఒంటి మీది మచ్చలు చూసి గరుకు పొలుసుల బోవాను రక్తపింజరనుకుని కొట్టి చంపుతున్నారు. ఎండాకాలం జీడిపిక్కలు ఏరే ఆడవాళ్ల చేతులు ఆ రాలిన ఆకుల్లోనే తిరుగుతాయి, కాబట్టి భయం అర్థం చేసుకోదగ్గదే. తేడా మాత్రం దూరం నుంచే పట్టుకోవచ్చు. రక్తపింజరికి ముక్కోణపు తల, విడిగా మెడ, వీపున గొలుసు కట్టినట్టు వరుస గుండ్రాలు, సన్నగా సాగే తోక, పెద్ద బుస. బోవాకు మెడ లేదు, మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి వంకరటింకరగా ఉంటాయి, తోక పొట్టిగా ఆగిపోతుంది. ఎటూ తేలకపోతే రక్తపింజరే అనుకుని వెనక్కి జరగాలి, కర్ర ఎత్తకుండా.