టెంకని రోజూ తవ్వి చూస్తే

‘లవ్ టుడే’ చూసొచ్చిన జంటల్లో ఎంతమంది ఆ రాత్రి ఒకరి ఫోన్ ఒకరు అడిగి ఉంటారు? అడగాలనుకుని ఊరుకున్నవాళ్ళు ఎంతమంది? ప్రదీప్ రంగనాథన్ తన షార్ట్ ఫిల్మ్‌నే పెంచి 2022లో తీసిన ఈ తమిళ సినిమాని తెలుగు డబ్బింగ్‌లో మనమూ పడీపడీ నవ్వుతూ చూశాం. మొన్న మళ్ళీ చూస్తుంటే నవ్వు కంటే ఒక ప్రశ్న ఎక్కువ పట్టుకుంది. అసలు ఆ ఫోన్లు అడిగింది ఎవరు? (కథ చివరిదాకా చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.)

చెన్నైలో ప్రదీప్, నికిత ప్రేమించుకుంటారు. అమ్మాయి తండ్రి వేణు శాస్త్రి (సత్యరాజ్) అరవడు, కొట్టడు. ఒక్కరోజు ఫోన్లు మార్చుకోండి, ఆ తర్వాత కూడా కావాలనుకుంటే పెళ్ళి చేస్తానంటాడు. వినడానికి ఎంత మర్యాదగా ఉందో!

2016లో వచ్చిన ఇటాలియన్ సినిమా ‘పెర్ఫెత్తి స్కొనొషూతి’లోనూ ఇలాంటి ఆటే. ఏడుగురు స్నేహితులు భోజనాల బల్ల మీద ఫోన్లు పెట్టేసి, వచ్చిన ప్రతి మెసేజీ పైకి చదవాలనుకుంటారు. అక్కడ ఆట మొదలుపెట్టింది వాళ్ళలో వాళ్ళే. ఇక్కడ పెట్టింది ఇంటి పెద్ద. మన నగరం ఈ తేడాలోనే ఉంది.

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నలుగురైదుగురు, పీజీ హాస్టల్లో గదికి ముగ్గురు. చెన్నై అయినా హైదరాబాద్ అయినా పెళ్ళికాని వాళ్ళకి గడియ పెట్టుకోడానికి ఒక గది దొరకదు. ఫోనే ఆ గది. అందులో ప్రేమలొక్కటే ఉండవు. పాత స్నేహాలుంటాయి, టైప్ చేసి పంపని సారీలుంటాయి, ఇంట్లో చెప్పని జబ్బు గురించి అర్ధరాత్రి వెతికిన వెతుకులాటలుంటాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. సరే, కాబోయే మామగారి ఎదురుగా సోఫాలో కూర్చుని ఆ మాట అనగలిగేవాళ్ళు ఎవరు?

ఒక్క పాత్ర దగ్గర సినిమాకి ఈ సంగతి బాగా తెలుసు. ప్రదీప్ అక్కని చేసుకోబోయే డాక్టర్ (యోగిబాబు) తన ఫోన్ ఎవర్నీ ముట్టనివ్వడు. అందరితో పాటు మనమూ అనుమానిస్తాం. తీరా చూస్తే అందులో ఉన్నవి తన ఒళ్ళు మీద, రూపం మీద జనం వేసిన జోకులు. తాళం వేసుకున్నవాడు తప్పు చేసినవాడే కానక్కర్లేదు, దెబ్బతిన్నవాడూ కావచ్చు. సినిమా మొత్తంలో నాకు మిగిలిపోయింది ఆ సీనే.

నికిత దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి పల్చబడింది. ప్రదీప్ ఫోన్‌లోంచి బయటపడేవి అతను సిగ్గుపడాల్సిన పనులు. నికిత మీదికొచ్చి పడేది మార్ఫింగ్ చేసిన అశ్లీల వీడియో. ఒకటి తప్పు, ఇంకోటి ప్రమాదం. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి తూచడం నాకు నచ్చలేదు. అతను ఆమెని నమ్మాడు, మంచిదే. కానీ ఆ అమ్మాయి గట్టెక్కడానికి అబ్బాయి పెద్దమనసు ఎందుకు కావాలి?

మొదట్లో చిన్న ప్రదీప్ మామిడి టెంక నాటి, మొలకొచ్చిందో లేదోనని తవ్వి తవ్వి చూస్తుంటాడు. నమ్మి వదిలెయ్యాలి, అప్పుడే మొలుస్తుంది అన్నది సినిమా చెప్పే నీతి. బాగుంది. కానీ దర్శకుడు మాత్రం రెండున్నర గంటలూ టెంకని తవ్వుతూనే ఉన్నాడు. అన్నీ చదివించేసి, ఇక నమ్మండి అన్నాడు. చదివేశాక చెయ్యగలిగింది క్షమించడమే. నమ్మకమంటే చదవకముందు ఉండాల్సింది.

పాస్‌వర్డ్ చెప్పడమే ప్రేమకి రుజువనుకునే ఫ్రెండ్స్ మనందరికీ ఉన్నారు. వాళ్ళకి ఈ సినిమా చూపించండి, క్లైమాక్స్ కోసం మాత్రం కాదు. యోగిబాబు ఆ ఫోన్‌ని వదలకుండా పట్టుకుంటాడే, ఆ చెయ్యి కోసం. ఇంకెప్పుడైనా ‘దాచేదేం లేకపోతే ఇవ్వొచ్చుగా’ అనబోతే అది గుర్తుకురావాలి.