బొడ్డెమ్మ ఆట, బాలికల నైతిక వికాసం: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఒక పరిశీలన

జానపద బాలసాహిత్యంపై వచ్చే సిద్ధాంత గ్రంథాల్లో 'నైతిక విలువలు' అనే అధ్యాయం దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది. పాటలోని ఒక చరణాన్ని తీసుకొని, అందులో పెద్దల పట్ల గౌరవమో, తోబుట్టువుల అనురాగమో ఉన్నదని చూపి, పిల్లలు ఆ విలువను పాట ద్వారా గ్రహిస్తారని నిర్ధారించడం అక్కడి పద్ధతి. ఎం.ఫిల్. నాడు నేనూ ఆ పనే చేశాను. పాటలోని నీతి పాడే పిల్లకు ఏ మార్గంలో చేరుతుంది, అసలు చేరుతుందా అన్న ప్రశ్న అప్పుడు తోచలేదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో (2016 అక్టోబరు పునర్విభజనకు ముందున్న ఎల్లలతో) బాలికలు ఆడే బొడ్డెమ్మను ఆధారం చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొడ్డెమ్మ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. భాద్రపద బహుళంలో, బతుకమ్మకు ముందు వస్తుంది. సాధారణంగా తొమ్మిది రోజులు, కొన్నిచోట్ల ఐదు లేదా మూడు రోజులు ఆడతారు. చెక్కపీట మీద పుట్టమట్టితో నాలుగు పలకలుగా, మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను కట్టి, ఎర్రమట్టితో అలికి, ముగ్గు పెట్టి, పూలతో అలంకరిస్తారు. సాయంత్రం చుట్టూ తిరుగుతూ పాడతారు. చివర జోలపాటతో బొడ్డెమ్మను నిద్రపుచ్చి, తెచ్చుకున్న ఫలహారం పంచుకుంటారు. ఆఖరి రోజున చెరువులోనో బావిలోనో సాగనంపుతారు. పీట బొడ్డెమ్మతో పాటు గుంట బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ వంటి రూపాలూ ఉన్నాయి.

ఈ వివరాలు సంకలనాల్లో దొరుకుతాయి. వాటిలో దొరకనిది పాటకు, పాటకు మధ్య జరిగే వ్యవహారం. మట్టి ఎవరు తేవాలి, ఈ ఏడు ఎవరి వాకిట్లో నిలపాలి, పాట ఎవరు ఎత్తుకోవాలి, నిన్న రాని పిల్లకు ఈ రోజు ఫలహారంలో వాటా ఉన్నదా లేదా అన్నవి ఏటా తలెత్తే తగాదాలు. పెద్దలు వీటిలో చాలావరకు తలదూర్చరు. పదేళ్ల పిల్ల ఎనిమిదేళ్ల పిల్లకు తీర్పు చెబుతుంది. ఆ తీర్పు తొండి అని మూడో పిల్ల అడ్డుపడుతుంది.

జీన్ పియాజె 1932లో ప్రచురించిన గ్రంథంలో పిల్లల నైతిక నిర్ణయాలను గోళీలాట ద్వారా వివరించాడు. చిన్న వయసులో నియమం పైనుంచి వచ్చినది, మార్చరానిది. వయసు పెరిగి, తోటివారితో ఆడగా ఆడగా, అది అందరి ఒప్పందంతో మార్చుకోదగినదిగా మారుతుంది. ఈ పరిశీలన విలువైనదే. అయితే ఆడపిల్లల ఆటలను చూసి, వారిలో నియమస్పృహ బాలురలో వలె అంతగా వికసించలేదని అతడు భావించాడు. కోల్‌బర్గ్ 1958 నాటి పరిశోధనకు బాలురనే తీసుకున్నాడు. ఈ రెండింటినీ ప్రశ్నిస్తూ కరోల్ గిలిగన్ 1982లో వాదించిన విషయం తెలిసినదే. తగవు వస్తే బాలురు నియమాన్ని చర్చించి ఆట సాగిస్తారని, బాలికలు ఆటనే ఆపి స్నేహాన్ని కాపాడుకుంటారని ఆ చర్చలో ఒక ముఖ్యాంశం.

బొడ్డెమ్మ ఈ రెండు వైపులా ఇమడదు. ఇది ఆట మాత్రమే కాదు, నోము కూడా. మొదలుపెట్టిన బొడ్డెమ్మను నడుమ వదలరాదు. కనుక తగవు వచ్చిందని ఆట ఆపే వీలు లేదు. అలిగి వెళ్లిన పిల్ల రేపు సాయంత్రానికి తిరిగి రావాలి, లేదా ఆమెను పిలుచుకొని రావాలి. నియమాన్ని సవరించడం, స్నేహాన్ని నిలుపుకోవడం అన్న రెండు పనులనూ ఒక్క రోజు గడువులో చేయవలసి వస్తుంది. బాలికల నైతిక వికాసాన్ని ఈ గడువులో చూడాలని నా అభిప్రాయం. పాటలోని చరణాలు ఆ తర్వాతి సంగతి.

పాటలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బొడ్డెమ్మ నుంచి బతుకమ్మకు మారే వయసులో ఆడపిల్ల వినే పాటల్లో 'కలవారి కోడలు' ప్రసిద్ధం. పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న వస్తాడు. కోడలు అత్తను అడుగుతుంది. అత్త మామను అడగమంటుంది. ఆ అడగడం ఒకరి నుంచి ఒకరికి సాగి భర్త దగ్గర ముగుస్తుంది. దీనిని అణకువకు ఉదాహరణగా చూపడం పరిపాటి. కాని పాటలో పెద్దలెవ్వరూ కాదనరు, అవుననరు. ప్రతివారూ బాధ్యతను మరొకరి మీదికి నెడతారు. అడిగే మాట మారకుండా, అడిగించుకునే మనిషి మాత్రమే మారుతుంటే, తర్వాత ఏమి వస్తుందో వినే పిల్లకు ముందే తెలిసిపోతుంది. అధికారం ఎలా తప్పించుకుంటుందో ఆమె అక్కడ చూస్తున్నది. అణకువను నేర్పడానికి ఇంత చక్కని పాట అక్కర లేదు.

ఇక్కడ నాకు ఇబ్బంది కలిగించే అంశం ఒకటి ఉన్నది. మా బొడ్డెమ్మ దగ్గర మేము మార్చని నియమం లేదు. వాటాలు మార్చాం, వంతులు మార్చాం. అయితే ఊరి చివరి వాడ పిల్లలు ఏ ఏడూ మా వలయంలోకి రాలేదు. వారి బొడ్డెమ్మ వారికి ఉండేది. రావద్దని మా ఎదుట ఎవరూ అనలేదు. పగలు బడిలో మా పక్కన కూర్చునే పిల్లను సాయంత్రం పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు. పియాజె చెప్పిన ఒప్పందం పలికిన నియమం మీదనే పనిచేస్తుంది. పలకని నియమాన్ని ఏ పిల్ల చర్చకు పెడుతుంది? బొడ్డెమ్మ, బతుకమ్మలు 'సామూహిక జీవన విలువలు' నేర్పుతాయని రాసేటప్పుడు ఆ సమూహం హద్దు ఎక్కడ ఉన్నదో కూడా రాయవలసి ఉంటుంది. అదే తొమ్మిది రోజుల్లో అదే పిల్లలు న్యాయంగా పంచుకోవడం నేర్చారు, ఎవరితో పంచుకోనక్కరలేదో కూడా నేర్చారు.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో పరిస్థితి వేరు. హైమెండార్ఫ్ 1948 నాటి గ్రంథం వివరించినట్లు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా గోండు సమాజం ఏర్పడి ఉన్నది. ఒకే సగవారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఎవరితో ఏ వరుసలో మాట్లాడాలో పిల్లవాడు నేర్చుకోవడమే అక్కడ నైతిక శిక్షణలో పెద్ద భాగం. దీపావళి వేళ దండారి బృందాలు పొరుగు గూడేలకు వెళ్లినప్పుడు అతిథి, ఆతిథేయి మర్యాదలు కళ్లముందే నడుస్తాయి. అక్కడ హద్దు పేరుతో సహా పిల్లలకు తెలుసు. దీన్ని బొడ్డెమ్మతో సమానం చేయలేను. దానికి గోండి భాష తెలిసిన పరిశోధకులు పూనుకోవాలి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలై, గోండి వాచకాలు వచ్చిన చరిత్ర మనకు ఉన్నది కనుక ఇది అసాధ్యమైన కోరిక కాదు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. బొడ్డెమ్మకు ఆ వెలుగు అంతగా సోకలేదు. భాద్రపదంలో చాలామంది బాలికలు గురుకులాల్లో ఉంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో ఊళ్లో మిగిలిన పిల్లల సాయంత్రాలు తరచు తల్లి పక్కన తునికాకు కత్తిరించడంలో, బీడీలకు దారం చుట్టడంలో గడుస్తాయి. పాఠశాలల్లో బొడ్డెమ్మ జరిగినప్పుడు ఉపాధ్యాయినులే కట్టి, పాటలు నేర్పి, వరుసలో నిలబెడతారు. పాట నిలుస్తుంది, వీడియోలో ఇంకా బాగా వినిపిస్తుంది. తగాదాకు మాత్రం చోటు ఉండదు. అయితే ఆ పాఠశాల వలయంలో అన్ని వాడల పిల్లలూ చేయి చేయి కలిపి నిలబడతారు. నా చిన్ననాటి వలయం అది చేయలేకపోయింది. అందుకే పాతది పోయిందని సులువుగా విచారించలేకపోతున్నాను.

బొడ్డెమ్మ పాటలు సేకరించే పరిశోధకులకు ఒక సూచన. పాడినవారి పేరు, వయసు, ఊరు మనం రాస్తూనే ఉన్నాం. బొడ్డెమ్మను ఎవరి వాకిట్లో నిలిపారు, మట్టి ఎవరు తెచ్చారు, ఏ పిల్ల అలిగింది, ఏ వాడ పిల్లలు రాలేదు అన్నవి కూడా పాటతో పాటే నమోదు చేయాలి. పాట ముగిశాక రికార్డరును వెంటనే ఆపకుండా, ఫలహారం పంచుకునే దాకా ఉంచితే వీటిలో సగం దానంతట అదే వినిపిస్తుంది.