తనకూ అదే తూకం

మనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నెలల తరబడి చూస్తూ, ఒంటిమీది ముడతనూ మచ్చనూ దాచకుండా చిత్రించిన కళాకారుడు తనను తాను ఎలా చూసుకుని ఉంటారు? 2019 అక్టోబరులో లండన్‌లోని రాయల్ అకాడమీలో మొదలైన 'లూషియన్ ఫ్రాయిడ్: ది సెల్ఫ్ పోర్ట్రెయిట్స్' ప్రదర్శన ఈ ప్రశ్నకు గోడల నిండా జవాబు పరిచింది. 2020 జనవరి దాకా అక్కడ సాగి, తర్వాత బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కు తరలిన ఆ ప్రదర్శనలో ఒకే మనిషి తన ముఖాన్ని దాదాపు ఏడు దశాబ్దాల పాటు పరిశీలించిన తీరు కనిపించింది.

ఫ్రాయిడ్ 1922లో బెర్లిన్‌లో పుట్టారు. మనోవిశ్లేషణకు పునాది వేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మనవడు. హిట్లర్ గద్దెనెక్కిన 1933లో కుటుంబంతో పాటు ఇంగ్లండ్ చేరారు. 2011లో చనిపోయే నాటికి, కళ్లెదుట ఉన్న మనిషిని చూసి గీయడమే వ్రతంగా పెట్టుకున్న చిత్రకారుల్లో అగ్రగణ్యుడిగా పేరు పొందారు.

స్వీయచిత్రానిది పాత సంప్రదాయం. జర్మనీకి చెందిన డ్యూరర్ 1500లో క్రీస్తు పటాలను తలపించేలా తనను సూటిగా, ఎదురుముఖంగా చిత్రించుకున్నారు. హాలెండ్‌లో రెంబ్రాంట్ యవ్వనం నుంచి, కన్నుమూసిన 1669 దాకా తన ముఖాన్ని గీస్తూనే వచ్చారు. మోడళ్లకు ఇచ్చేందుకు డబ్బులేని వాన్ గో, మంచి అద్దం ఒకటి కొనుక్కుని తననే మోడల్‌గా చేసుకున్నారు. పిలిచినప్పుడల్లా వచ్చి, ఎంతసేపైనా కదలకుండా నిలబడి, బొమ్మ నచ్చలేదని గొడవ పెట్టని మోడల్ తను తప్ప ఇంకెవరు దొరుకుతారు?

అయితే ఈ మోడల్‌ను గీయడం తేలిక కాదు. అద్దంలో కుడి ఎడమవుతుంది. కుడిచేతి వాటం చిత్రకారుడు బొమ్మలో ఎడమచేత్తో కుంచె పట్టినట్టు కనిపిస్తాడు. అద్దం గాజు మీద మన తల ఆకారం అసలు తలలో సగమే ఉంటుంది. ఆవిరి పట్టిన అద్దం మీద ప్రతిబింబం చుట్టూ వేలితో గీత గీసి కొలిస్తే ఎవరికైనా ఇది తెలుస్తుంది. ఎంత వెనక్కి జరిగినా ఆ కొలత మారదు. పైగా చూపు అద్దానికీ కాన్వాస్‌కూ మధ్య తిరుగుతున్నంతసేపూ తల కదులుతూనే ఉంటుంది. స్వీయచిత్రాల్లో తరచూ కనిపించే ఆ తీక్షణమైన చూపు కోపమూ కాదు, గర్వమూ కాదు. పనిలో మునిగిన కన్ను అలాగే ఉంటుంది.

ఫ్రాయిడ్ ఫోటోలు చూసి స్వీయచిత్రాలు వేయలేదు, అద్దాన్నే నమ్ముకున్నారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాంట్లోనే ఆయన సగం ప్రతిభ ఉంది. 1965 నాటి 'రిఫ్లెక్షన్ విత్ టూ చిల్డ్రన్' కోసం అద్దాన్ని నేలమీద పరిచి, దానిలోకి వంగి చూసుకున్నారు. అందువల్ల ఆయన రూపం మన మీదికి గోపురంలా లేస్తుంది. గడ్డం కింది భాగం, ముక్కు రంధ్రాలు ముందుకొస్తాయి. తల వెనక పైకప్పు దీపాలు వేలాడుతుంటాయి. ఇద్దరు పిల్లలు ఒక మూలన చిన్నగా నిలబడతారు. 1967లో ఒక చేతి అద్దాన్ని కిటికీ చట్రంలో ఇరికించి, అందులో కనిపించిన చిన్న ముఖాన్ని గీశారు. అలవాటైన కోణంలో మన ముఖాన్ని మనం చూడం, గుర్తుపట్టి వదిలేస్తాం. కోణం మారితే గుర్తుపట్టడం ఆగి చూడటం మొదలవుతుంది.

కుంచె కూడా మారింది. 1940ల్లో ఆయన సన్నని సేబుల్ వెంట్రుకల కుంచెలతో, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టినట్టు నునుపుగా గీసేవారు. 1943 నాటి 'మ్యాన్ విత్ ఎ ఫెదర్' అలాంటిదే. చేతిలో తెల్లటి ఈక పట్టుకున్న యువకుడు అంటీముట్టనట్టు నిలబడి ఉంటాడు. 1954లో పారిస్‌లో గీసిన 'హోటల్ బెడ్‌రూమ్'లో మంచం మీద భార్య, ఆమె వెనక కిటికీ దగ్గర చీకటిలో నిలబడిన తను ఉంటారు. కూర్చుని గీసిన ఆఖరి బొమ్మ అదే. ఆ తర్వాత ఆయన నిలబడి గీయడం మొదలుపెట్టారు. సేబుల్ వదిలి గరుకైన పంది వెంట్రుకల కుంచె పట్టారు. నిలబడ్డ మనిషికి భుజం మొత్తం పనిచేస్తుంది. గరుకు కుంచె రంగును పూయదు, మోసుకొచ్చి పెడుతుంది. దాంతో గీతలుగా ఉన్న ముఖాలు కండలుగా మారాయి.

1970ల నడుమ నుంచి ఆయన చర్మం రంగుకు క్రెమ్‌నిట్జ్ వైట్ వాడారు. సీసం ఎక్కువగా ఉండే బరువైన తెలుపు అది. దానితో ముఖం మీద రంగు గింజలు గింజలుగా, పొరలు పొరలుగా పేరుకుంటుంది. ప్రతి కుంచెపోటుకూ రంగు కొత్తగా కలిపి, కుంచెను గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టేవారు. నుదురంతటికీ ఒకే రంగు పూయకుండా, వేలెడు జాగాను కూడా విడిగా చూసి నిర్ణయించే పద్ధతి ఇది. ఒక్క బొమ్మకు నెలలు పట్టింది ఇందుకే. 1985 నాటి 'రిఫ్లెక్షన్'లో నగ్నమైన భుజాలు, బిగిసిన పెదవులు, నుదుటి మీద విరిగిపడే వెలుగు ఆ నిర్ణయాలన్నిటి మొత్తం. ఒకచోట బూడిద, పక్కనే గులాబీ, దాని కింద ఆకుపచ్చ ఛాయ ఉంటాయి. దూరం నుంచి చూస్తే ప్రాణమున్న చర్మం.

ఒక టాక్సీ డ్రైవర్‌తో కొట్లాటలో కన్ను కమిలితే 1978లో ఆ కమిలిన కన్నునూ అలాగే గీసుకున్నారు. వాపు తగ్గేదాకా ఆగి, అందంగా ఉన్నప్పుడు గీద్దామనుకోలేదు. ఆ ధైర్యం పూర్తిగా బయటపడింది 1993 నాటి 'పెయింటర్ వర్కింగ్, రిఫ్లెక్షన్'లో. 70 ఏళ్ల చిత్రకారుడు, ఒంటిమీద నూలుపోగు లేదు, కాళ్లకు లేసులు కట్టని పాత బూట్లు, ఒక చేతిలో రంగుల పలక, మరో చేతిలో పాలెట్ నైఫ్. వేలాడే చర్మం, ఎముకలు తేలిన ఛాతీ, అయినా నైఫ్ పట్టిన చెయ్యి పనికి సిద్ధంగా పైకి లేచి ఉంది. దయ అడగడం లేదు, గొప్ప చెప్పుకోవడమూ లేదు.

స్వీయచిత్రం విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది. ఇతరుల శరీరాలను అంత నిర్దాక్షిణ్యంగా చూసే హక్కు ఫ్రాయిడ్‌కు ఎవరిచ్చారని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎదుటివారిని తూచిన రాళ్లతోనే తననూ తూచుకోవడం ఆయనిచ్చిన జవాబు. భార్య, పిల్లలు, స్నేహితులు, అపరిచితులు ఆ చూపు ముందు నిలబడ్డట్టే తనూ నిలబడ్డారు, అదీ ఒక్కసారి కాదు, జీవితాంతం. చూసే కన్ను తనకు మినహాయింపు ఇచ్చుకోనప్పుడే అది ఇతరుల గురించి చెప్పేది నమ్మగలం. చిత్రకళ నేర్చుకునే ప్రతి ఒక్కరి చేతా గురువులు మొదట అద్దం ముందు బొమ్మ వేయించాల్సింది ఇందుకే.