యాక్సిల్ బూటు, ఉలవ తీగ

ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేర్చేవి రెండు యాక్సిళ్లు. ఒక్కోదానికి రెండు చివర్లా సీవీ జాయింట్లు ఉంటాయి. చక్రం వైపు జాయింట్‌లో ఆరు ఉక్కు గుండ్లు గాడుల్లో కదులుతుంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా చక్రం కుదుపు లేకుండా తిరిగేది వాటివల్లే. ఫోర్డ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920ల్లో రూపొందించిన ఏర్పాటు ఇది. అంబాసిడర్ వెనక చక్రాల బండి కాబట్టి దానికి ఈ గొడవ లేదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక మాత్రం ఈ జాయింట్ల రిపేరు ఊరూరి షెడ్లకు నిత్యకృత్యమైంది.

రోడ్డు మీది రాయి ఈ ఉక్కును ఏమీ చేయలేదు. దెబ్బ తగిలేది దాన్ని కప్పిన రబ్బరు బూటుకు. మడతలు మడతలుగా ఉండే ఆ తొడుగు లోపల నల్లటి మాలిబ్డినం గ్రీజు ఉంటుంది. బూటు చిరిగితే చక్రం తిరిగే విసురుకు గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఆ దారినే ఇసుక, నీళ్లు లోపలికి చేరతాయి. గ్రీజులో కలిసిన ఇసుక గుండ్లను, గాడులను అరగదీస్తుంది. జాయింట్‌ను చంపేది అదే.

తగిలి ఎగిరిపోయే రాయి కన్నా చుట్టుకునే వస్తువు ప్రమాదకరం. బైండింగ్ వైరు, యూరియా సంచి దారం, వరిగడ్డి, వీటన్నిటినీ మించి ఉలవ తీగ. రాయలసీమ పల్లెల్లో ఉలవ కోతలయ్యాక పంటను తారురోడ్డు మీద పరుస్తారు, వచ్చే పోయే బండ్లే నూర్పిడి చేస్తాయి. తిరిగే యాక్సిల్ ఆ తీగను దారపు ఉండలా చుట్టుకుంటుంది. చుట్ట పెరిగి బూటు సన్నటి చివరను నొక్కుతుంది, క్లిప్పును కదిలిస్తుంది. ఎండిన కట్టె సైలెన్సర్ గొట్టానికి తగిలితే నిప్పే అంటుకోవచ్చు. అలాంటి చోట నెమ్మదిగా దాటి, కాస్త ముందుకెళ్లాక ఆపి కింద చూడాలి. చుట్టుకుని ఉంటే ఇంజిన్ ఆపి, గొట్టం చల్లారాక, బూటుకు దూరంగా యాక్సిల్ నడిమి కడ్డీ మీదే కత్తి ఆనించి తీగను కోయాలి. బూటు దగ్గర చేత్తోనే విప్పాలి.

ఇంత చెప్పాక తప్పంతా రైతుదే అనిపిస్తుంది. కాదు. కళ్లం లేని రైతుకు రోడ్డే దిక్కు. పైగా గట్టిగా ఉన్న బూటు ఒక్కసారి ఉలవ మీదుగా వెళ్లినంత మాత్రాన సాధారణంగా చిరగదు. ఏళ్ల తరబడి వేడికి ఎండి, మడతల్లో బీటలు వారిన బూటే మొదటి తీగకు తెగుతుంది. కింద ఇనుప రేకు బిగించినా లాభం తక్కువ. అది ఆయిల్ చాంబర్‌ను కాపాడుతుందే గానీ, చక్రంతో పాటు పైకీ కిందికీ ఆడే యాక్సిల్‌ను మూయలేదు. రేకు పైన గడ్డి ఇరుక్కుంటే అదొక కొత్త బెడద. అందుకే నా పట్టుదల ఒకటే: బండిని పైకెత్తి, లైటు వేసి కింద చూడని సర్వీసింగ్ సర్వీసింగే కాదు. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే మడతలు విచ్చుకుని బీటలు కనిపిస్తాయి. రిమ్ము లోపలి వైపు గ్రీజు చుక్కలుంటే బూటు అప్పటికే చిరిగినట్టు.

చిరుగు తొందరగా దొరికితే జాయింట్ విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. మామూలు గ్రీజు వాడకూడదు, కిట్‌తో వచ్చిన పొట్లాన్నే పూర్తిగా పెట్టాలి. క్లిప్పు దొరకలేదని కట్టుతీగ బిగించడం షెడ్లలో మామూలే గానీ దాని కొనే మళ్లీ రబ్బరును కోస్తుంది. చివరి క్లిప్పు బిగించే ముందు సన్నటి మొద్దు స్క్రూడ్రైవరు దూర్చి లోపలి గాలిని సర్దాలి, లేకపోతే మడతలు లోపలికి పీల్చుకుపోయి ఒరుసుకుంటాయి. మలుపులో టక్‌టక్ మని చప్పుడు మొదలైతే గాడులు అరిగిపోయినట్టే. అప్పుడు కొత్త గ్రీజు పనికిరాదు, జాయింటే మార్చాలి.