చేసిందెవరు?

గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు దాకా ఏ ఊళ్లో ఆగినా సెంటర్లో ఒక విగ్రహం ఉంటుంది. అంబేద్కర్, గాంధీ, ఎన్టీఆర్, వైఎస్సార్. దిమ్మె మీద ఆవిష్కరించినవారి పేరు, చందాలిచ్చినవారి పేర్లు, తేదీ ఉంటాయి. చేసిన శిల్పి పేరు చాలాచోట్ల కనబడదు.

బడికి పిలిచినప్పుడల్లా నా పాఠం ఇక్కడే మొదలవుతుంది. మీ ఊరి విగ్రహం దిమ్మె మీద ఏముందో రాసుకు రమ్మని ముందురోజే కబురు పెడతాను. రాసింది చదువుతూ చదువుతూ ఎవరో ఒకరు అడిగి తీరతారు: "సార్, మరి దీన్ని చేసిందెవరు?"

అప్పుడు పని చూపిస్తాను. ఇనుప చువ్వల చట్రం, దానిమీద మట్టితో పూర్తి రూపం, ఆ రూపానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు, అచ్చులో ఫైబర్. కంచుదైతే మైనం, కొలిమి కూడా కావాలి. అచ్చు తీశాక మట్టి బొమ్మ మళ్లీ ముద్దయిపోతుందంటే పిల్లలు నమ్మరు. ఎత్తు దిమ్మె మీద నిలబెట్టే విగ్రహానికి తల కాస్త పెద్దది చేస్తాం, కిందినుంచి చూస్తే చిన్నదిగా కనబడుతుంది కనుక. ఇది చెప్పగానే నేలమీద కూర్చుని, నిలబడ్డ స్నేహితుణ్ణి తలెత్తి చూసి సరిచూసుకుంటారు.

తర్వాత మట్టి వాళ్ల చేతికిస్తాను. మాది పత్తి, మిరప పండే నల్లరేగడి. దాంతో చేసిన తల ఆరేసరికి నెర్రెలిస్తుంది. వేసవిలో చేల బీటలు చూసి పెరిగినవాళ్లకు కారణం నేను చెప్పక్కర్లేదు. తడిగోనె ఎందుకు కప్పాలో వాళ్లే చెబుతారు.

చివరికి అమరావతికి తీసుకెళతాను, మాటల్లోనే. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఆ స్తూప శిల్పాలూ నలుగురూ తిరిగే చోట నిలిపినవే. పూర్ణఘటం చెక్కిన పలకనొకదాన్ని ఇచ్చింది విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరినీ ఆ శాసనంలో కలుపుకున్నాడు. తోలుపని చేసే మనిషి ఊరందరి శిల్పానికి దాత కావడం పిల్లలకు తెలియాలి. చెక్కిన చేతి పేరు ఆ శాసనంలోనూ లేదన్నది కూడా తెలియాలి.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల వంటి స్థానిక నిపుణుల దగ్గర పని నేర్పమంది. మనకు తెనాలిలో విగ్రహాలు పోసే శిల్పశాలలున్నాయి, దుర్గిలో రాయి చెక్కేవారున్నారు. హెడ్మాస్టర్లు ఆ పదిలో ఒక్కరోజు వాళ్లకివ్వాలి. రేపు ఊళ్లో విగ్రహానికి చందాలు వసూలు చేసేది ఈ పిల్లలే. మట్టి తొక్కి, అచ్చు పోసి చూసినవాళ్లు దిమ్మె మీద శిల్పి పేరుకు ఒక వరుస తప్పకుండా ఉంచుతారు.