మామకీ అల్లుడికీ ఒకే ఇంటిపేరు

రాయగడలో ఉండి తెలుగు పేపరుకి రాసేవాళ్ళకి పేర్లతోనే సగం పని. ఇంటిపేరు చెవిన పడగానే మనకి చుట్టరికం తడుతుంది. ఎవరి తాలూకు అని అడిగేస్తాం. గుణుపురం వైపు సవర ఊళ్ళలో ఆ లెక్క కుదరదు.

అందుకే ఒకే ఇంటిపేరున్న ప్రముఖులకి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పేరు ఎదురుగా పని, ఏడాది, ఎవరికి ఏమవుతారు అని గళ్ళు. రుజువు దొరికేదాకా చివరి గడి ఖాళీగా ఉండాల్సిందే.

అన్నిటికన్నా నిండిన పేజీ గమాంగులది. కొందరు గొమాంగో అని రాస్తారు. సవరల్లో ఊరిపెద్దల వంశాల పేరిది. పూజలు చూసేవాళ్ళు బుయ్యలు. ఊరూరా పెద్ద ఉంటాడు గనక, ఏ చుట్టరికమూ లేని గమాంగులు చాలామంది.

మాలియా గొమాంగో, మంగేయ్ గొమాంగో. పేర్లు చూసి ఎవరైనా తండ్రీకొడుకులని రాసేస్తారు. కానీ వాళ్ళు మామా అల్లుళ్ళు! ఇంటిపేరు కలిస్తే సంబంధమే వద్దనుకునే మనకి ఇది ఓ పట్టాన మింగుడుపడదు.

ఆ అల్లుడు మంగేయే 1936లో సవర భాషకి సొంత లిపి కట్టాడు, సొరంగ్ సొంపెంగ్. అప్పటికి మన గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, 1931లో వ్యాకరణమూ తెచ్చారు. మంగేయ్ లిపి పుట్టిన ఏడాదే, ఏప్రిల్ 1న, కోరాపుట్ ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరింది. పాలకులూ వాళ్ళ లిపులూ మారుతున్న వేళ, సవరలకి 24 అక్షరాలు తమవంటూ దక్కాయి. ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేర వెలిసింది. 2012లో ఆ లిపి యూనికోడ్‌లోకీ ఎక్కింది.

పత్రికలకి మాత్రం గమాంగ్ అంటే ఒక్క ఓటే. 1999 ఏప్రిల్ 17న, ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూనే కోరాపుట్ ఎంపీ హోదాలో గిరిధర్ గమాంగ్ వేసిన ఓటు. విశ్వాస పరీక్షలో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. ఆయన కోరాపుట్ నుంచి తొమ్మిదిసార్లు లోక్‌సభకి గెలిచారు. 1999 ఎన్నికల్లో ఆయన భార్య హేమా గమాంగ్ కూడా అక్కడి నుంచే గెలిచారు. అయినా ఎక్కడ ఆ పేరు వచ్చినా ఓటు కథే ముందుకొస్తుంది. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం.

నా పేజీలో మొదటి పేరు మంగేయ్‌ది. ‘పని’ గడిలో లిపికర్త అని రాశాను. గిరిధర్ గారి గడిలో తొమ్మిది గెలుపులూ, ముఖ్యమంత్రి పదవీ అయ్యాకే ఆ ఓటు.